పద్నాలుగో గడి

వెల్లడి 1

మహారాజశ్రీ పరిశోధన గ్రాంటుల పరిశీలన మండలి వారి దివ్యసముఖానికి, పదకొండో గట్టు ఉప్పువరి కేంద్రంలో అట్టడుగు మెట్టు మీద ఉన్న పరిశోధకుడు కొప్పాడి భువన్ సాష్టాంగపడి చేసుకుంటున్న క్షమాపణ. ఈ చిట్టాలో ముందు ముందు దొర్లబోయే తప్పులకు, తొంగిచూడబోయే వెటకారానికి, మధ్యమధ్య పడబోయే రొయ్యల పులుసు మరకలకు, నా పుట్టుకకు, దాన్ని అడ్డుకోలేకపోయిన మా అమ్మానాన్నలకు, అందరి తరఫునా మన్నింపు వేడుకుంటున్నాను. సముద్రం మూడు మండలాలను మింగినప్పుడు నేనింకా పుట్టలేదు. అయినా అదీ నా ఖాతాలోనే వేసుకోండి, పోనీ. ఇంత క్షమాపణ ముందే ఎందుకంటే, తర్వాత చెప్పే ఉద్దేశం లేదు గనక.

ఇక విషయం. గ్రాంటు దరఖాస్తుకు గడువు ముప్పై రోజులు. ఆ ముప్పై రోజులూ కేంద్రంలో పనిచేసే ప్రతి మనిషీ ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నాడో, ఎవరితో తిన్నాడో, ఎవరితో ఏం మాట్లాడాడో ఇలా రాసి, చివరి రోజు వేలిముద్ర వేసి సమర్పించాలి. వేలిముద్ర పడేదాకా ఇది నా సొంత కాగితం. పడ్డాక డొంక సొత్తు. డొంక అంటే తమరి పారదర్శక పరిశీలన యంత్రమే. తమరు పెట్టిన పేరుకి జనం నోరు తిరగక అలా అంటున్నారు. తీగలం మేం.

ఈరోజు పుచ్చుకున్నవి: వంట చేసి, పంటు పడవ కూడా నడిపే పేరంటాలు పిన్ని పెట్టిన ఇడ్లీలు నాలుగు. ఐదోది నేనే తీసుకున్నాను. తీసుకోవడం పుచ్చుకోవడం కిందికి రాదని నా వాదన.

ఈరోజు జరిగింది: పోటు ఎక్కే వేళకి మా పెద్దాయన డాక్టర్ దంతులూరి కూర్మరాజుగారి పలక, అదే డొంక కబుర్లు చూపించే చేతి తెర, మూడుసార్లు మోగింది. ఒకసారి మోగితే వాతావరణం. రెండుసార్లు మోగితే తుఫాను. మూడుసార్లు ఎప్పుడూ మోగలేదు. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు మేం ముగ్గురం చదివేశాం.

‘వేరొక వ్యక్తి తన పద్నాలుగో గడిలో దరఖాస్తుదారు పేరు రాసియున్నారు. దరఖాస్తుదారు జాబితాలో సదరు వ్యక్తి లేరు. పొంతన లేదు.’

“ఎవరు?” అన్నారు కూర్మరాజుగారు.

నా పై మెట్టు పరిశోధకురాలు హెప్సిబా అక్క నా వైపు చూసింది. నేను పేరంటాలు పిన్ని వైపు చూశాను. పిన్ని ఇడ్లీల గిన్నె వైపు చూసింది.

వెల్లడి 2

పద్నాలుగో గడి సంగతి తెలియనివాళ్లు డెల్టాలో లేరు. అయినా ‘చదువువారికి ఏమియు తెలియదని భావించి వ్రాయవలెను’ అని నిబంధనల పుస్తకంలో ఉంది కాబట్టి రాస్తున్నాను.

ప్రతి ఉగాదికీ పలక ఉన్న ప్రతి మనిషీ ఆ గడిలో ఒక ఆప్తుడి పేరు రాయాలి. ఇంట్లోవాళ్లు పనికిరారు. ఏడాదిదాకా మార్చడానికి లేదు. ఎవరు ఎవరిని రాశారో రాసినవాడికి తెలుసు, డొంకకి తెలుసు. మామూలు జనానికి దానితో పని లేదు. గ్రాంటు అడిగేవాడు మాత్రం తన ఆప్తులందరి జాబితా బాహాటంగా ఇవ్వాలి. ఎవరైనా ఆయన్ని ఆప్తుడని రాసి, ఆయన వాళ్లని రాయకపోతే, ఏదో దాస్తున్నాడని లెక్క. ఆ రాసిందెవరో డొంకకి తెలుసు కదా, చెప్పొచ్చు కదా అని తమరికి అనుమానం రావచ్చు. చెబితే గోప్యతా చట్టం ఒప్పుకోదు. కనుక డొంక మనకి ఉత్తరం రాసి, సమాధానం తన గుప్పిట్లో పెట్టుకుని, గడువు లెక్కపెడుతూ కూర్చుంటుంది. చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు కూడా ఇంతే.

పని విషయం. తెల్లారగానే కూర్మరాజుగారు తెప్పమడుల వెంట నడుస్తారు. ఈ మడులు పోటుకి లేస్తాయి, ఆటుకి దిగుతాయి. ఒక్కోదాని దగ్గరా వంగి, అరచేతిలో నీళ్లు తీసుకుని, నాలుక మీద వేసుకుని ఉప్పు ఎంతుందో అంకె చెబుతారు. “నాలుగు.” “నాలుగున్నర.” వెనకాల నేను మీటరు ముంచి రాసుకుంటాను. రెండేళ్లలో మీటరు రెండుసార్లు తప్పింది.

నారుమడి ఒక్కటే తూము కింద ఉంది. మిగతా మడులు సముద్రం తాగి బతుకుతాయి గానీ, పసినారుకి నలభై రోజులు తీపినీళ్లు కలిపి పెట్టాలి. తూము తలుపు డొంక చేతిలో ఉంది. పాత గ్రాంటు ముప్పయ్యో రోజుతో సరి. ఆ రోజుకి పొంతన కుదరకపోతే తలుపు పడిపోతుంది. మూడు పోట్లలో నారు మాడుతుంది. పదకొండేళ్లుగా కూర్మరాజుగారు ఏ యేటికాయేడు పెంచుకొచ్చిన వరి అది. గింజ దాచి పెడితే ఉప్పుని తట్టుకునే గుణం పోతోందని ప్రతి గింజా నారు పోశాం. సంచులు దులిపి ఆరేశాం కూడా.

వెల్లడి 3

హెప్సిబా అక్క ఈ కేంద్రంలో ఎనిమిదేళ్ల నుంచి ఉంది. పెద్దాయన తర్వాత పెద్ద. ఈరోజు తెప్పల మోకులు బిగిస్తూ మాట్లాడుకున్నాం. మాటలు ఉన్నవి ఉన్నట్టు:

“ఒరేయ్, ఇది ప్రేమ కాదు. ఎవడో కావాలని వేసిన మెలిక.”

“ఎవరు వేస్తారక్కా?”

“పన్నెండో గట్టు మీద సముద్రికా విత్తనాల కంపెనీ ఉందిగా. మన తూము మీద వాళ్లకి ఎప్పట్నుంచో కన్ను. వాళ్ల మనిషి చేత ఉగాదికే రాయించి ఉంటారు. పెద్దాయన పేరు ఆపేక్షగా రాసే మనిషి ఈ భూమ్మీద ఉన్నాడంటే నువ్వు నమ్ముతావా?”

“నమ్మను” అన్నాను.

“పోనీ లోపలివాళ్లనుకో, అది ఇంకా ఘోరం. ఒక గ్రాంటు కింద ఇద్దరు ఆప్తులు ఉండకూడదని ఈ ఆషాఢం నుంచి కొత్త రూలు. సగోత్రంలో సంబంధం లాంటిది. ఒకళ్లు గట్టు దిగిపోవాల్సిందే.”

“నువ్వెవర్ని రాశావక్కా?”

“మా చర్చిలో ఆర్గాను వాయించే ఎస్తేరుని. నువ్వో?”

“మా హాస్టల్లో వంట చేసిన సుబ్బారాయుణ్ని.”

“ఆయన పోయాడన్నావు కదరా.”

“పోతే మాత్రం మర్చిపోతామా.”

“పోయినవాళ్ల పేరు డొంక తీసుకోదు.”

“అయితే ఆయన బతికే ఉండాలి.”

అక్క అటు తిరిగి మోకు ముడి వేసింది. అవసరానికి మించి బిగించింది.

వెల్లడి 6

కూర్మరాజుగారు తన బతుకు తవ్వుకుంటున్నారు. పాత పొలం పుస్తకం ఒకటి తీసుకుని, వెనక అట్ట మీద పేర్లు రాస్తున్నారు, కొట్టేస్తున్నారు. ఆయన వయసు అరవై మూడు. పేర్లు పదహారు వచ్చాయి. కొట్టేసేటప్పుడు పైకి చదువుతారు, అది ఆయన అలవాటు.

“పాకలపాటి బలరామం. కాలేజీలో పక్క బెంచీ. వీడికి నేను మైక్రోస్కోపు ఇవ్వలేదు.” కొట్టేశారు. “గణపవరం స్టేషన్లో గుమాస్తా. ఈయన నాకు ఇవ్వలేదు.” కొట్టేశారు. “ఎవరిదో పెళ్లిలో పక్కన కూర్చుని అరగంట చేపల గురించి మాట్లాడిన ఆవిడ. పేరు తెలియదు.” పేరు లేదు గనక కొట్టడానికి ఏమీ లేక కాసేపు అలాగే చూశారు.

నేను టీ ఇవ్వడానికి వెళ్లాను. ఆయన తల ఎత్తకుండా అడిగారు.

“నువ్వేమైనా రాశావేంటయ్యా?”

“నేనా సార్? మీరు వారానికి ఐదుసార్లు నన్ను గాడిద అంటారు. గాడిదకి పలక ఇవ్వరు కదా.”

“ఆరుసార్లు” అని సరిదిద్దారు. “అయితే నువ్వు కాదు.”

పెన్సిలు తీసుకుని అడుగున ఒక పేరు కొట్టేశారు. వంగి చూశాను. అది నాదే. అంటే అంతకుముందు రాసుకున్నారన్నమాట.

ఈరోజు పుచ్చుకున్నవి: ఏమీ లేవు. టీ కూడా నేనే ఇచ్చాను.

వెల్లడి 9

ఈరోజు కేంద్రం చరిత్రలో కనీవినీ ఎరుగని ఘనకార్యం జరిగింది. వినయంతో రాస్తున్నాను.

పద్ధతి ప్రకారం దరఖాస్తుదారుకి అనుమానం ఉన్న మనిషి పలకకి ఒక ప్రశ్న పంపవచ్చు: ‘మీరు వీరికి ఆప్తులా? అవును, కాదు.’ ఆ మనిషి వేలితో ఏదో ఒకటి నొక్కాలి. ఇంట్లో కూర్చుని పంపితే సరిపోయేది. కూర్మరాజుగారికి అది మర్యాదగా తోచలేదు. ఒక మనిషిని నేను నీకు ఇష్టమేనా అని అడుగుతూ ముఖం చాటేయడమేంటి అన్నారు. పేరంటాలు పిన్ని పంటు కట్టింది. ఆయన తెల్లచొక్కా వేసుకున్నారు. నన్ను పక్కన పెట్టుకుని నలభై నాలుగు గడపలు ఎక్కారు.

ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటారు. పలక మోగుతుంది. అవతలి మనిషి ప్రశ్న చదివి, ఆయన ముఖం చూసి, తడబడి, “అయ్యో, ఎంతమాట, మీరు కాకపోతే మాకింకెవరున్నారండీ” అని అవును నొక్కుతాడు. వలలు అల్లే తాత నొక్కాడు. ఐసు ఫ్యాక్టరీ ఆపరేటరు నొక్కాడు. గట్టు బడి పంతులమ్మ, ఆయన్ని అంతకుముందు ఎన్నడూ చూడనిది, “మీ గురించి విన్నానండీ” అని నొక్కింది. చివరికి సముద్రికా కంపెనీ మేనేజరు ఫణిభూషణంగారు కూడా. మేం ఆ కంపెనీ వాకిట్లోకి అనుమానంతో వెళ్లాం. ఆయన కొబ్బరిబొండాలు కొట్టించి, “పోటీ పోటీయే రాజుగారూ, మనం మనం పరాయివాళ్లమా” అని మా కళ్లెదుట అవును నొక్కేశాడు.

కాదన్నది ఒక్కతే. చివరి ఇంట్లో ముసలావిడ. “కాదు నాయనా. నేను మా పక్కింటి కోటమ్మని రాశాను. నువ్వెవరో నాకు తెలీదు” అంది. నలభై నాలుగు గడపల్లో నిజం చెప్పిన మనిషి ఆవిడ. పంటు మీద తిరిగొస్తూ ఆవిణ్నే తిట్టుకున్నాం, పిన్నీ నేనూ. కూర్మరాజుగారు మాత్రం నీళ్లు చూస్తూ, “నలభై ముగ్గురు” అన్నారు. ఆ అనడంలో ఎక్కడో కొంచెం సంతోషం ఉంది. ఆ అవునుల విలువెంతో ఆయనకి తెలియదని నేను అనుకోను. తెలిసీ కాసేపు ఉంచుకున్నారు.

ఈరోజు పుచ్చుకున్నవి: కొబ్బరిబొండం ఒకటి, శత్రుపక్షం నుంచి.

వెల్లడి 12

డొంక జవాబు వచ్చింది. మొదటి మనిషి ఇంకా తేలలేదు. ఆ నలభై ముగ్గురిలో ఒక్కరు కూడా గడిలో ఆయన పేరు రాయలేదు. నోటితో అవునన్నారు, గడిలో లేదు. కనుక పొంతన లేనివి ఇప్పుడు నలభై నాలుగు. పైగా పోటీ కంపెనీ మేనేజరు తనంతట తాను ఆప్తుడినని ఒప్పుకున్నందువల్ల ‘ప్రయోజనాల సంఘర్షణ’ అని ఎర్రగీత. విచారణ పూర్తయ్యేదాకా తూము సగమే తెరుస్తారు.

హెప్సిబా అక్క ఉత్తరం రెండుసార్లు చదివి, నన్ను పక్కకి లాగింది.

“ఆయనకి లోకం తెలియదు. నీకు తెలుసు కదరా. ఎదురుగా నిలబడి అడిగితే మనవాళ్లు కాదంటారా? పక్కనే ఉండి ఎందుకు ఆపలేదు నువ్వు?”

“ఆయన తెల్లచొక్కా వేసుకున్నాడక్కా.”

“అయితే?”

నేను మీటరు తీసుకుని మడుల వైపు నడిచాను. నడిచానని వెల్లడిస్తున్నాను.

వెల్లడి 16

కర్నూలు వైపు నుంచి విచారణాధికారి జంగం శివలీలగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, గొడుగు నిటారుగా పట్టుకుని పంటు దిగారు. దిగుతూనే బురదని కూడా అనుమానంగా చూశారు. పిన్ని టీ తెచ్చింది. విధుల్లో ఉండి ఏదీ పుచ్చుకోరాదని శివలీలగారు మూడుసార్లు వద్దన్నారు. నాలుగోసారి పిన్ని, “అంతదూరం నుంచొచ్చి నోరు తడుపుకోకుండా ఎల్తే మాకేం బాగుంటుందండీ” అని కప్పు చేతిలో పెట్టేసింది. అధికారిగారు తాగారు. తాగిన మరుక్షణం ఆవిడ సంచిలో పలక మోగింది. ఆవిడ చూసి గబుక్కున బోర్లా పెట్టారు. ఏం పుచ్చుకున్నారని అడిగి ఉంటుందో మాకు తెలుసు.

తర్వాత విచారణ. వరండాలో బల్ల వేశాం. మొదట పిన్ని. ఎందుకంటే నలభై ముగ్గురిలో పిన్ని కూడా ఉంది. ఆ నలభై నాలుగు గడపల్లో మొదటిది పంటేనట; కడుతూ కడుతూ అవును నొక్కేసిందట, మాకు చెప్పలేదు.

“నీ గడిలో ఎవరుండారమ్మా?”

“మా వియ్యపురాలి చెల్లెలండి.”

“మరి ఈయన అడిగితే కాదని ఎందుకు నొక్కలేదు?”

“ఆయనెదురుగా నిలబడుండగానా అండీ?”

“నిలబడితే ఏమి?”

“మొహమాటం అండి, ఆయ్.”

శివలీలగారు పత్రం తిరగేశారు. ప్రభావం ఏ రకానిదో గుర్తు పెట్టాలి. ధనం, వస్తువు, పదవి, భయం, ఇవి నాలుగే ఉన్నాయి.

“భయం కింద రాస్తాను” అన్నారు.

“భయం కాదండి. భయమైతే కాదనే అందును” అంది పిన్ని.

శివలీలగారు ఆ నాలుగూ మళ్లీ చదివారు. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేసి సంతకం తీసుకున్నారు. తమరి పత్రంలో ఐదో రకం చేర్చాలని అట్టడుగు మెట్టు మీది నుంచి నా మనవి.

మధ్యాహ్నం నా వంతు.

“నీ గడిలో ఎవరు నాయనా?”

“వేలిముద్ర రోజున తెలుస్తుంది మేడమ్. అప్పటిదాకా చెప్పకపోవడం నా హక్కు, పదిహేడో నిబంధన.”

“నాకు హక్కులు తెలిసినోళ్ల మీదనే అనుమానం” అన్నారామె. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు. పోతూ పోతూ అందరికీ వినబడేలా ఒక మాట చెప్పారు. ఆ నలభై ముగ్గురూ మొదటి మనిషిని వెతకబోతే పుట్టినవాళ్లు. మొదటి మనిషి తనంతట తాను చిట్టాలో ఒప్పుకుంటే, వాళ్లంతా మూలంతో సహా రద్దు. కొత్త గ్రాంటు ఖాయం. “అట్ల కాకపోతే ఇంకొక దారి ఉంది. అది తర్వాత జెప్తా.”

ఆ తర్వాత రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పప్పు ఎవరు వడ్డించమన్నారో కూడా తెలియకుండా పప్పు తిరిగింది.

వెల్లడి 21

నారుమడి దక్షిణం అంచున ఆకు కొసలు తెల్లబడ్డాయి. కూర్మరాజుగారు వంగి నీళ్లు నాలుక మీద వేసుకున్నారు. అంకె చెప్పలేదు. నేను మీటరు ముంచాను. ఏడు. పసినారుకి ఆరు దాటకూడదు.

పొద్దుటి నుంచి తాగునీటి పీపాల్లో నీళ్లు బిందెలతో మోసి అంచుల్లో పోశాం. ముగ్గురికి వారానికి సరిపడే నీళ్లు ఆ ఒక్క మడికి గంట కూడా చాలలేదు. పిన్ని తన వాటా బిందె కూడా తెచ్చి, “నాకు కొబ్బరినీళ్లున్నాయిలెండి” అని ఒంపేసింది. నేను ఒక జోకు వేశాను. ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

హెప్సిబా అక్క ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

“ఆ మనిషి ఎవరో గానీ, ఈ ఆకు చూస్తే బాగుండు” అంది, ఎవరి వైపూ చూడకుండా.

నేను చూశాను ఆకుని. చూశానని రాస్తున్నాను.

వెల్లడి 25

శివలీలగారు రెండో దారి పట్టుకొచ్చారు. దాన్ని విముఖ ప్రమాణం అంటారు. ఒకే వాక్యం. ‘నన్ను ఆప్తునిగా పేర్కొన్న వ్యక్తి ఎవరైనను, ఆ వ్యక్తితో నాకు ఎట్టి సంబంధమును లేదు, ఆ వ్యక్తి నాకు ఏమియు కారు.’ కింద కూర్మరాజుగారు సంతకం చేస్తే పొంతన కుదిరినట్టే. తూము పూర్తిగా తెరుస్తారు, ఈ సాయంత్రమే. ఆ రాసిన మనిషికి కూడా శిక్ష ఏమీ లేదు. ఆ మనిషి గడిలో పేరు చెరిగిపోయి, ‘ఏమియు కారు’ అని పడుతుంది, అంతే.

మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. నేను అందరికంటే గట్టిగా పీల్చుకున్నాను. కలం నేనే అందించాను.

కూర్మరాజుగారు వాక్యం చదివారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివారు. కలం మూత పెట్టేశారు.

“నా వల్ల కాదమ్మా” అన్నారు.

“ఏమి సార్, ఒక సంతకమే కదా.”

“ఎవరో ఒక మనిషి, ఊళ్లో ఇంతమంది ఉండగా, నా పేరు అనుకున్నారు. అనుకుని రాశారు. నేను వాళ్లకి తిరిగి ఏమీ రాయలేదు, సరే. నువ్వు నాకు ఏమీ కావు అని ఎలా రాయనమ్మా?”

“ఆ మనిషి కంపెనీ ఏజెంటు కావచ్చు. మీకు గిట్టనోడు కావచ్చు.”

“కావచ్చు.”

“నారు పోతాది.”

ఆయన చాలాసేపు నారుమడి వైపు చూశారు. “పోతుంది” అన్నారు.

హెప్సిబా అక్క లేచి నిలబడింది. పెద్దాయన ముందు ఆవిడ గొంతు పెంచడం ఇదే మొదటిసారి. “పదకొండేళ్లు సార్. నావి ఎనిమిది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసమా?”

“తెలిసుంటే చేతులు పట్టుకుని బతిమాలుకుందును కదా హెప్సిబా, బయటికి రమ్మని. తెలియదు గనకే ఈ తిప్పలు.”

అక్క బల్ల మీది కాగితాలు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. శివలీలగారు గొడుగు తీసుకుని పంటు ఎక్కారు. పిన్ని టీ ఇస్తే ఈసారి మొదటిసారే పుచ్చుకున్నారు.

వెల్లడి 28

ఆకు కొసల తెలుపు మడి మధ్యదాకా వచ్చింది. రోజంతా బిందెలు మోశాం. పని అయ్యాక హెప్సిబా అక్క నాతోపాటు గట్టు చివరిదాకా నడిచింది.

“సుబ్బారాయుడు ఎప్పుడు పోయాడు?” అంది.

“మూడేళ్లయింది.”

“మరి నీ గడిలో ఎవరురా?”

నేను ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. మామూలుగా నా నోరు తెరుచుకుంటే మాట అదే వస్తుంది. రాలేదు.

అక్క నా ముఖం కాసేపు చూసింది. తిట్టలేదు. “ముప్పయ్యో రోజు మధ్యాహ్నం పోటుకి పంటు ఉంది” అంది. “నారు ఊడ్చేటప్పుడు ఒక మనిషి తక్కువైతే మాకు కష్టమే. నేనూ పిన్నీ చూసుకుంటాంలే.”

వెల్లడి 30

సంచి సర్దుకున్నాను. అందులో ఉన్నవి: బట్టలు, పుస్తకాలు, మీటరు కాదు. మీటరు కేంద్రానిది.

పొద్దున్న కూర్మరాజుగారితో మడుల వెంట చివరిసారి నడిచాను. ఆయనకి అది చివరిసారి అని తెలియదు. “ఐదు.” “ఐదున్నర.” మీటరు ముంచి రాసుకున్నాను. నారుమడి దగ్గర ఆయన ఆగి, “ఇంకో మూడు రోజులు తీపినీళ్లు దొరికితే సగమైనా నిలబడేదయ్యా” అన్నారు. ఎదురుగా నిలబడి అప్పుడే చెప్పేయవచ్చు. చెప్పలేకపోయాను. తమరి పత్రంలో లేని ఐదో రకం కారణం వల్ల.

కనుక ఇక్కడ చెబుతున్నాను. ముందుగా నేను చేయనివి. నేను సముద్రికా కంపెనీ మనిషిని కాను. తూము తాళం ముట్టుకోలేదు. గింజ ఒక్కటి కూడా గట్టు దాటించలేదు. ఎవరి ప్రోద్బలంతోనూ ఏమీ రాయలేదు. శివలీలగారు నా మీద పడ్డ అనుమానాలు ఏవేవి రాసుకున్నారో అవన్నీ తప్పు, ఒకటి తప్ప.

నేను ఈ కేంద్రంలో చేరిన మూడో వారంలో, ఒక సోమవారం, మడిలో పని చేస్తూ ఏదో జోకు వేశాను. గొప్పదేం కాదు, ఇక్కడ రాసేంతది కాదు. ఎవరూ నవ్వలేదు. మంగళవారం తూము గొడవ. బుధవారం మండలి వారి నుంచి పదకొండు ప్రశ్నలతో ఉత్తరం. గురువారం మధ్యాహ్నం మోకాలి లోతు బురదలో అందరం మౌనంగా కలుపు తీస్తుంటే, కూర్మరాజుగారు ఉన్నట్టుండి నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఏమైంది సార్ అంటే, “సోమవారం నువ్వన్నదయ్యా. ఇప్పుడు దిగింది” అన్నారు.

నేను ఒక మాట అనగానే పకపకా నవ్వేవాళ్లు నాకు ఊరినిండా ఉన్నారు. వాళ్లలో ఎవరికీ ఆ మాట మర్నాటికి గుర్తుండదు. నాకూ ఉండదు. ఈయన అంత పనిలో, అంత చిరాకులో, అర్థం కాని ఒక గాడిద మాటని పారేయకుండా సోమవారం నుంచి గురువారం దాకా మోసుకు తిరిగారు, ఎప్పటికైనా దిగుతుందని. ఉగాది రోజు పలక పద్నాలుగో గడి తెరిచి పేరు అడిగినప్పుడు నాకు ఇంకెవరూ తట్టలేదు. అప్పటికి ఆషాఢం రూలు లేదు. రూలు వచ్చాక చెబితే గట్టు దిగిపోవాలి, నారు ఊడ్చడం చూడకుండానే. ఆయన అడిగిన రోజు కాదన్నట్టు మాట తిప్పేశాను. దానికి ఆ భయం సగం కారణం. మిగతా సగం సిగ్గు.

పేరంటాలు పిన్ని పంటు బూర ఊదుతోంది. వేలిముద్ర వేస్తున్నాను. పద్నాలుగో గడిలో డాక్టర్ దంతులూరి కూర్మరాజు అని రాసింది నేను.